కేమెల్‌బ్యాక్ కొండ ఎకో కాన్యన్ దారి: తరచుగా అడిగే ప్రశ్నలు

అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్, చాండ్లర్, గిల్బర్ట్, స్కాట్స్‌డేల్ ఊళ్ళలో స్థిరపడిన తెలుగువాళ్ళూ, వాళ్ళ ఇళ్ళకు చుట్టపుచూపుగా వచ్చే బంధువులూ కేమెల్‌బ్యాక్ కొండ గురించి పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాము. ఎకో కాన్యన్ దారిలో మొదటిసారి అడుగుపెట్టేవారిని దృష్టిలో పెట్టుకున్నాము కాబట్టి కొన్ని చోట్ల జాగ్రత్తలను కాస్త గట్టిగానే చెప్పాము.

ఈ కొండ ఎక్కడ ఉంది? దారి ఎంత పొడవు?

ఫీనిక్స్ నగరానికీ ప్యారడైజ్ వ్యాలీ అనే చిన్న పట్టణానికీ నడుమ, ఇళ్ళ మధ్యలోనే కేమెల్‌బ్యాక్ కొండ ఉంది. దూరం నుంచి చూస్తే కూర్చున్న ఒంటెలా తలా మూపురమూ విడివిడిగా కనిపిస్తాయి కనుకనే దానికి ఆ పేరు వచ్చింది. శిఖరం సముద్ర మట్టానికి 2,700 అడుగులకు కాస్త పైన ఉంటుంది. ఎకో కాన్యన్ దారి పడమటి వైపు నుంచి, అంటే ఒంటె తల దగ్గర మొదలై మూపురం మీదికి వెళుతుంది. పైకి సుమారు 1.2 మైళ్ళు, రానూపోనూ కలిపి దాదాపు 4 కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలోనే సుమారు 1,280 అడుగుల ఎత్తు, అంటే దాదాపు 390 మీటర్లు ఎక్కాలి.

నాలుగు కిలోమీటర్లే కదా, దానికి ఇంత హెచ్చరిక ఎందుకు?

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. మన కాలనీలో రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే వ్యక్తి, ఇది అంతకంటే తక్కువే కదా అనుకుని ఒక చిన్న నీళ్ళ సీసా పట్టుకుని బయలుదేరతాడు. ఈ దారిని కిలోమీటర్లతో కాకుండా ఎత్తుతో కొలవాలి. ప్రతి నూరు అడుగుల నడకకు సగటున ఇరవై అడుగులు పైకి లేచే దారి ఇది. పైగా ఆ సగటు కూడా మోసమే, ఎందుకంటే మధ్యలో కాస్త చదునుగా నడిచిన ప్రతిచోటా మిగిలింది ఇంకా నిటారుగా ఉంటుంది. ఫీనిక్స్ నగర పాలక సంస్థ ఈ దారిని తన ట్రయిళ్ళన్నిటిలోకీ అత్యంత కఠినమైన శ్రేణిలో ఉంచింది.

కొండ ఊరి మధ్యలో ఉండడం కూడా ప్రమాదాన్ని పెంచుతుందని మా అభిప్రాయం. సగం ఎక్కిన చోట నిలబడితే కింద ఈత కొలనులు, గోల్ఫ్ మైదానాలు, రోడ్డు మీద కార్లు కనిపిస్తూనే ఉంటాయి. సహాయం చేతికి అందేంత దగ్గర్లో ఉందన్న ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యంతోనే, అడవిలో అయితే ఎప్పుడో వెనక్కి తిరిగే మనిషి ఇక్కడ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ముందుకు పోతాడు.

దారి ఎలా ఉంటుంది?

మొదట మెట్లు వస్తాయి. దుంగలతోనూ రాళ్ళతోనూ కట్టిన ఈ మెట్లు ఒక్కటీ ఒక్క ఎత్తులో ఉండదు, కొన్నింటికి మోకాలు ఛాతీ దాకా ఎత్తాల్సి వస్తుంది. మలుపులు తిరుగుతూ ఒక చిన్న కనుమ దగ్గరికి చేరుకున్నాక ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఒంటె తల భాగం మీద, ప్రార్థన చేస్తున్న సన్యాసి ఆకారంలో నిలబడిన ‘ప్రేయింగ్ మాంక్’ అనే రాతి స్తంభాన్ని ఈ దిగువ భాగం నుంచి చూడవచ్చు. అక్కడి నుంచి ఎర్రటి రాతిగోడ ఒక పక్క, ఇనుప కంచె మరో పక్క ఉండగా దారి సన్నబడుతుంది. ఆ తరువాత ఏటవాలు బండ మీద ఇనుప కడ్డీలు పాతిన చోట్లు వస్తాయి. ఇక్కడ కాళ్ళతో పాటు చేతులు కూడా పని చేయాలి. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, శరీర బరువును ముందుకు వంచి, బండ మీద పాదం ఆనే చోట్లలో అడుగు వేస్తూ వెళ్ళాలి. ఎక్కేవారూ దిగేవారూ ఒకే కడ్డీని పట్టుకోవలసి వస్తుంది కనుక ఆదివారం ఉదయాల్లో ఇక్కడ వరుస కడుతుంది. ఎక్కేవారికి ముందు దారి ఇవ్వడం ఇక్కడి మర్యాద.

పైన చివరి భాగమంతా బండరాళ్ళ గుట్ట. దారి అంటూ స్పష్టంగా ఉండదు. గుర్తులు చూసుకుంటూ, రాయి మీద నుంచి రాయి మీదికి చేతులు ఆనించి ఎక్కాలి. దిగేటప్పుడు దారి తప్పేది ఎక్కువగా ఈ భాగంలోనే. అందుకని ఎక్కుతున్నప్పుడే రెండు మూడు సార్లు వెనక్కి తిరిగి, దిగేటప్పుడు ఆ చోటు ఎలా కనిపిస్తుందో చూసిపెట్టుకోవాలి.

కింద ఎర్రగా ఉన్న రాయి పైకి వెళ్ళేసరికి మారిపోతుంది. దానికి కారణం ఈ కొండ పుట్టుకలో ఉంది. ఒంటె తల సుమారు రెండున్నర కోట్ల ఏళ్ళ నాటి ఎర్రటి అవక్షేప శిల. మూపురమేమో దాదాపు 150 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఎండకూ వానకూ ఆ గ్రానైటు పొడిపొడిగా రాలి, గట్టి బండ మీద సన్నని కంకర పరుచుకుంటుంది. చూడడానికి గరుకుగా ఉన్నా, కాలు వేయగానే గుండ్రని గింజలు దొర్లి జారిపోయే నేల అది. పై భాగంలో చాలామంది జారిపడేది పెద్ద బండల మీద కాదు, ఈ కంకర మీదే.

తిరుమల కొండ నడిచి ఎక్కాను. ఇది కూడా ఎక్కగలనా?

తెలుగువారందరూ అడిగే ప్రశ్న ఇది, అడగదగిన ప్రశ్న కూడా. శ్రీవారి మెట్టు దారి దాదాపు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. దూరంలో ఎకో కాన్యన్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. ఆ దారిని ఆగి ఆగి అయినా ఆయాసం మితిమీరకుండా ఎక్కినవారి గుండెకూ ఊపిరితిత్తులకూ ఈ కొండ ఎక్కే శక్తి ఉందని చెప్పవచ్చు. అయితే అక్కడ మెట్లు సమంగా ఉంటాయి, నీడ ఉంటుంది, తాగునీరు దొరుకుతుంది. పైకి చేరాక బస్సులో దిగి రావచ్చు. ఇక్కడ ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. దారి పొడవునా కుళాయి లేదు. మీ కాళ్ళతో ఎక్కిన ప్రతి అడుగూ మీ కాళ్ళతోనే దిగాలి. కాబట్టి తిరుమల అనుభవాన్ని ఊపిరికి పరీక్షగా తీసుకోండి కానీ మోకాళ్ళకూ సమతూకానికీ పరీక్షగా తీసుకోవద్దు.

ఏ నెలల్లో వెళ్ళడం మంచిది?

నవంబరు నుంచి మార్చి వరకు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చలిగా ఉంటుంది కనుక తీసి నడుముకు కట్టుకోగలిగే పలుచని కోటు ఒకటి చాలు. శీతాకాలంలో పొద్దు త్వరగా వాలుతుందని మరిచిపోకూడదు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకు ముందే సూర్యాస్తమయం అవుతుంది, ఈ దారి సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటుంది. అక్టోబరు, ఏప్రిల్ నెలల్లో ఉదయం పూట మాత్రమే వెళ్ళండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఇక్కడి వర్షాకాలం. చూస్తుండగానే దుమ్ము తుపానూ ఉరుములూ మెరుపులూ వచ్చిపడతాయి. ఆకాశంలో ఎక్కడ ఉరిమినా శిఖరం మీద ఉండరాదు. తడిసిన ఏటవాలు బండ మీద కడ్డీ పట్టుకున్నా కాలు నిలవదు.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం. ఇక్కడి ఎండ మమ్మల్ని ఏం చేస్తుంది?

పల్నాటి ఎండనూ, బొగ్గుగనుల ప్రాంతపు ఎండనూ చూసినవారు ఎండకు భయపడరు. నిజానికి వారికున్న జ్ఞానం ఇక్కడ పనికివస్తుంది కూడా. మే నెలలో మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం ఎవరైనా పొలానికి వెళతానంటే పెద్దవాళ్ళు వెళ్ళనిస్తారా? ఆ వివేకాన్నే ఇక్కడికీ తెచ్చుకోవాలి. సెలవు రోజు కాబట్టి పది గంటలకు తీరికగా బయలుదేరుదాం అనుకోవడమే తప్పు.

తేడా గాలిలోని తేమలో ఉంది. విజయవాడలో చెమట ఒంటి మీద నిలుస్తుంది, చొక్కా తడుస్తుంది, దాహం గుర్తుకొస్తుంది. జూన్ మధ్యాహ్నం ఫీనిక్స్ గాలిలో తేమ తరచు 15 శాతం లోపే ఉంటుంది. చెమట పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. గంటసేపు ఎక్కిన తరువాత కూడా చొక్కా పొడిగానే ఉంటుంది కాబట్టి, నాకు పెద్దగా చెమట పట్టలేదు అనుకుంటాం. ఓసారి ఆగి నల్ల చొక్కా భుజాల దగ్గర, టోపీ అంచు దగ్గర చూడండి. తెల్లటి ఉప్పు చారికలు కనిపిస్తాయి. పోయిన నీటికి అదే లెక్క.

రాయి రెండో శత్రువు. పగలంతా కాగిన బండ సాయంత్రం దాకా వేడిని విడుదల చేస్తూనే ఉంటుంది. పై నుంచి సూర్యుడు, పక్క నుంచి గోడ, కింద నుంచి నేల కలిసి కాల్చే సన్నని దారిలో గాలి కూడా ఆడదు. వాతావరణ సూచనలో చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. ఈ దారిలో నీడ అంటూ ఉండేది పొద్దున్నే, అదీ గోడ పక్కన కొద్ది దూరమే.

అంకెల్లో చెప్పాలంటే, ఫీనిక్స్‌లో ఇప్పటి వరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 122 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 50 డిగ్రీల సెల్సియస్. అది 1990 జూన్ 26 నాటి సంగతి. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. 2024లో వరుసగా 113 రోజులు అది 100 డిగ్రీలకు తగ్గలేదు. వడగాలుల రోజుల్లో తెల్లవారుజామున కూడా 30 సెల్సియస్ పైనే ఉంటుంది. వేసవిలో వెళ్ళక తప్పదనుకుంటే సూర్యోదయానికి దారి మొదట్లో ఉండాలి, ఎనిమిది గంటలకల్లా కిందికి దిగి ఉండాలి. ఆ వేళకు లేవలేకపోతే ఆ రోజు మానుకోండి.

వేసవిలో దారి మూసేస్తారని విన్నాం. నిజమేనా?

నిజమే. జాతీయ వాతావరణ శాఖ తీవ్రమైన ఎండ హెచ్చరిక ప్రకటించిన రోజుల్లో ఎకో కాన్యన్ దారినీ, ఇదే కొండకు తూర్పు వైపున్న చోయా దారినీ, ఫీనిక్స్‌లోని మరో కొండ పియెస్టెవా శిఖర దారినీ పగటి పూట సాయంత్రం 5 గంటల దాకా మూసివేస్తారు. 2021లో ఈ పద్ధతి మొదలైంది. మొదట్లో ఉదయం 11 నుంచి మూసేవారు, తరువాత అంతకంటే పెందలాడే మూయసాగారు, ఆపైన మరికొన్ని దారులను చేర్చారు. కనుక ఆ రోజు వేళలను నగర పార్కుల శాఖ వెబ్‌సైటులో చూసుకునే బయలుదేరండి. ఎక్కేవారి ప్రాణాలతో పాటు, వారిని మోసుకొచ్చే అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కూడా ఈ నిర్ణయంలో ఉన్నాయి. బరువైన సామగ్రితో, స్ట్రెచర్‌తో మిట్టమధ్యాహ్నం కొండెక్కిన సిబ్బందే ఎండదెబ్బకు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. గేటు మూసి ఉన్నప్పుడు పక్క నుంచి దూరి వెళ్ళాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తెరిచి ఉంది కాబట్టి భయం లేదు అనుకోవడం కూడా సరికాదు. హెచ్చరిక లేని 104 డిగ్రీల రోజున గేటు తెరిచే ఉంటుంది.

నీళ్ళు ఎన్ని తీసుకెళ్ళాలి?

చల్లని రోజుల్లో మనిషికి ఒకటిన్నర లీటర్లు, ఎండ రోజుల్లో రెండున్నర నుంచి మూడు లీటర్లు. ‘మనిషికి’ అన్న మాట ముఖ్యం. నలుగురికి కలిపి ఒక్క సంచిలో పెట్టుకుంటే, ఆ సంచి మోసేవాడు ముందు వెళ్ళిపోయాక వెనకబడినవారికి నీళ్ళుండవు, ఎక్కువ అవసరం వెనకబడినవారికే. ప్రతి ఒక్కరి నీళ్ళు వారి వీపు మీదే ఉండాలి. చేత్తో పట్టుకునే సీసా వద్దు, కడ్డీల దగ్గర రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

సగం నీళ్ళు అయిపోయాయంటే, మీరు ఎక్కడ ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకా వంద అడుగులే ఉన్నా ఈ నియమం మారదు.

నీళ్ళు ఒక్కటే తాగుతూ పోవడం కూడా మంచిది కాదు. చెమటలో ఉప్పు పోతుంటే వట్టి నీళ్ళు మాత్రమే పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. చూడడానికి వడదెబ్బలాగే ఉండి, ఇంకా నీళ్ళు తాగించేలా చేసే ప్రమాదం అది. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ పొడి కలుపుకోండి. ఇండియా నుంచి తెచ్చుకున్న ప్యాకెట్లు శుభ్రంగా పనికివస్తాయి. ఉప్పూ కాస్త పంచదారా కలిపిన నిమ్మరసం కూడా మంచిదే. మజ్జిగ ఇంట్లో తాగి బయలుదేరండి, ఎండలో సంచిలో మోయకండి.

ఖాళీ కడుపుతో ఎక్కవచ్చా? ఏకాదశి ఉపవాసం ఉన్నాను.

వద్దు. ఉపవాసం ఉన్న రోజు, ముఖ్యంగా నీళ్ళు కూడా ముట్టని రోజు, ఈ కొండ జోలికి వెళ్ళకండి. మామూలు రోజుల్లో గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తినండి. దారిలో ఉప్పు వేసి వేయించిన వేరుశనగపప్పు, కారప్పూస లాంటివి కొద్దికొద్దిగా నమలవచ్చు. అరటి తొక్కలు, నారింజ తొక్కలు మట్టిలో కలిసిపోతాయని రాళ్ళ మధ్య పడేయవద్దు. ఈ ఎడారిలో అవి కుళ్ళవు, ఎండి అక్కడే పడి ఉంటాయి.

ఎలాంటి బూట్లు, బట్టలు వేసుకోవాలి?

అడుగున గాట్లు లోతుగా ఉన్న ట్రయిల్ బూట్లు. వ్యాయామశాలకు వేసుకెళ్ళే, అడుగు అరిగిన బూట్లతో ఎక్కడం సాధ్యమే కానీ దిగేటప్పుడు కంకర మీద అవి నిలబడవు. చెప్పులు, శాండల్స్ అసలు వద్దు. వెడల్పు అంచున్న టోపీ, చేతులు కప్పే పలుచని లేత రంగు చొక్కా మంచివి. చుడీదార్ వేసుకునే అమ్మలు చున్నీని ఇంట్లో వదలండి లేదా నడుముకు గట్టిగా బిగించి కట్టుకోండి. వేలాడే గుడ్డ ముళ్ళకు చిక్కితే మనిషి ఒక్కసారిగా తూలిపోతుంది. ఎండ రోజుల్లో పలుచని చేతి తొడుగులు ఎంతో ఉపయోగం, ఎందుకంటే పొద్దెక్కాక ఇనుప కడ్డీ అరచేతికి చుర్రుమంటుంది.

పైకి చేరడానికి ఎంతసేపు పడుతుంది? దిగడం తేలికే కదా?

అలవాటున్నవారికి రానూపోనూ గంటన్నర, కొత్తవారికి మూడు గంటల దాకా పడుతుంది. దిగడానికి ఎక్కినంతసేపూ పడుతుందనే లెక్కవేసుకోండి. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టం, దిగేటప్పుడు మోకాళ్ళూ తొడలూ కష్టం. అలసిన తొడ కండరాలు వణుకుతుంటే అడుగు అనుకున్న చోట పడదు. చీలమండ బెణికేది, మణికట్టు విరిగేది అప్పుడే. బండరాళ్ళ భాగంలో సిగ్గుపడకుండా కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో రాయీ దిగండి. ఏటవాలు బండ దగ్గర కడ్డీని పట్టుకుని కొండ వైపు ముఖం తిప్పి వెనక్కి దిగడం చాలామందికి సులువు.

శిఖరం మీద పావుగంట కూర్చోవాలి, అది విలాసం కాదు. బండల సందుల్లో చక్‌వాలా అనే లావుపాటి బల్లులు కనిపిస్తాయి. మనిషి అలికిడికి సందులోకి దూరి, ఊపిరి పీల్చుకుని పొట్ట ఉబ్బించుకుని ఎవరూ బయటికి లాగలేనంతగా బిగుసుకుంటాయి. వాటికి తిండి వేయకండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చా?

శిఖరం దాకా అయితే, చాలామంది విషయంలో వద్దు అనే మా జవాబు. అరవై దాటినవారు ఎక్కలేరని కాదు. ఇక్కడ డెబ్బై ఏళ్ళవారు వారానికి రెండుసార్లు ఎక్కడం చూడవచ్చు, కానీ వారు ఏళ్ళ తరబడి ఎక్కుతున్నవారు. ప్రయాణపు బడలిక, పొడి గాలికి అలవాటు పడని శరీరం, బీపీకి వాడే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు, షుగరు మందులు, మోకాళ్ళ అరుగుదల అన్నీ కలిసిన చోట ఈ కొండను వాళ్ళ ముందు పెట్టడం న్యాయం కాదు. మరో చిక్కు కూడా ఉంది. పిల్లలు సరదాపడి తీసుకొచ్చారు కదా అని మన నాన్నలు కాళ్ళు నొప్పులని నోరు తెరిచి చెప్పరు. అత్తగారో మామగారో అయితే అసలే చెప్పరు. వారు మాట తగ్గించారంటే, మాటిమాటికి దృశ్యం చూస్తున్నట్టు ఆగుతున్నారంటే, అక్కడే వెనక్కి తిరగండి. వెనక్కి తిరుగుదామని మీరే అనాలి, ఆ మాట వారి చేత అనిపించకూడదు.

ఎకో కాన్యన్ పార్కింగ్ దగ్గరే బాబీస్ రాక్ అనే చిన్న దారి ఉంది, అక్కడి నుంచి ఎర్ర రాళ్ళను దగ్గరగా చూడవచ్చు. పాపగో పార్కులోని హోల్ ఇన్ ది రాక్ పది పదిహేను నిమిషాల నడక, ఊరంతా కనిపిస్తుంది. సాయంత్రం పూట పెద్దవారికి అది హాయిగా ఉంటుంది.

చిన్నపిల్లలను, కుక్కలను?

పిల్లవాణ్ని వీపు మీద మోసుకుని కడ్డీల దగ్గర ఎక్కడం సరికాదు, ఒక్క కాలు జారితే ఇద్దరు పడతారు. రాళ్ళ మీద సొంతంగా ఎక్కి దిగగలిగే వయసు వచ్చాక, శీతాకాలంలో తీసుకెళ్ళండి. ఈ కొండ దారుల్లో కుక్కలకు అనుమతి లేదు.

వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది? అప్పుడేం చేయాలి?

మొదట తలనొప్పి, వికారం, కాళ్ళ పిక్కలు పట్టేయడం, విపరీతమైన నీరసం వస్తాయి. మనిషి తెలివిగానే మాట్లాడుతుంటాడు. ఆ దశలో ఎంత చిన్న నీడ దొరికితే అంతలో కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ మీదా చొక్కా మీదా నీళ్ళు పోసి విసరండి, ఉప్పు కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా తాగించండి. కుదుటపడితే నెమ్మదిగా దించండి. పైకి మాత్రం ఇక వద్దు.

మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, తూలుతున్నా, కోపంగా వింతగా ప్రవర్తిస్తున్నా అది ప్రాణాపాయ స్థితి. వెంటనే 911కు ఫోన్ చేయండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవద్దు, శ్రమతో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయకండి. ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి చల్లబరచండి. ఆసుపత్రి ఖర్చుకు జంకి, విజిటర్ ఇన్సూరెన్సు సంగతి ఆలోచిస్తూ ఫోన్ ఆలస్యం చేసేవారున్నారు. దయచేసి అలా చేయకండి. మొదటి అరగంటలో చల్లబరచగలగడం మీదే మెదడూ మూత్రపిండాలూ దక్కడం ఆధారపడి ఉంటుంది. దారి వెంట అంకెలు వేసిన గుర్తులు ఉంటాయి, దగ్గర్లో ఉన్న అంకెను చెబితే సిబ్బంది సూటిగా అక్కడికే వస్తారు. ఎక్కేటప్పుడే వాటిని గమనిస్తూ వెళ్ళండి. ఫోన్ చార్జింగ్ నిండుగా ఉండాలి.

పాములు, తేనెటీగలు, ముళ్ళ మొక్కల సంగతేమిటి?

అరిజోనాలో 13 జాతుల రాటిల్ స్నేక్‌లు ఉన్నాయి. వేసవి, వసంతాల్లో అవి రాళ్ళ నీడల్లో ఉంటాయి. కంటికి కనిపించని సందులో చేయి పెట్టకపోవడమే ప్రధాన జాగ్రత్త. కాటు వేస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం లాంటివి చేయకుండా, కదలకుండా కూర్చోబెట్టి 911కు ఫోన్ చేయాలి.

తేనెటీగలు ఇక్కడ పాములకంటే ఎక్కువ భయపెట్టే విషయం. ఆఫ్రికా సంకర జాతి ఈగలు ఈ కొండ పగుళ్ళలో గూళ్ళు పెడతాయి, ఈ కొండ మీద మనుషుల మీద పడిన సంఘటనలున్నాయి. అరుపులు, గట్టి సంగీతం వాటిని రెచ్చగొడతాయి. దాడి చేస్తే చేతులు విసరకుండా, చొక్కాను ముఖం మీదికి లాక్కుని, దారి వెంబడే కిందికి పరుగున వెళ్ళాలి.

చోయా అనే ముళ్ళమొక్క ముక్కలు తాకీ తాకకముందే బట్టకో పిక్కకో అతుక్కుంటాయి. వేళ్ళతో తీయబోతే వేళ్ళకు పట్టుకుంటాయి. పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనను ముక్క కింద దూర్చి, ఒక్క విదిలింపున అవతలికి విసరండి. మిగిలిన ముళ్ళను పట్టకారుతో తీయాలి. దువ్వెన ఇక్కడ మందుల పెట్టెలో ఉండవలసిన వస్తువు.

పార్కింగ్ దొరుకుతుందా? చోయా దారి తేలికా?

టేటమ్ బులెవార్డ్, మెక్‌డొనాల్డ్ డ్రైవ్ కలిసే చోటికి దగ్గర్లో ఎకో కాన్యన్ పార్కింగ్ ఉంది. శీతాకాలపు శని, ఆదివారాల్లో తెల్లవారేసరికే నిండిపోతుంది. చుట్టుపక్కల ఇళ్ళ ముందు ఆపితే కారు లాగేస్తారు. పనిదినాల్లో వెళ్ళగలిగితే మేలు. తూర్పు వైపు ఇన్వర్‌గోర్డన్ రోడ్డు నుంచి మొదలయ్యే చోయా దారి ఇంకాస్త పొడవు, ఎక్కుడు నిదానంగా ఉంటుంది. తేలిక అని అనలేము. చివర్లో ఇరుపక్కలా పల్లంగా ఉండే రాతి వెన్ను మీద చేతులు ఆనించి ఎక్కాలి, ఎత్తుకు భయపడేవారికి ఎకో కాన్యనే నయం.

ఇళ్ళ మధ్యలో ఉన్న ఈ కొండ ఎలా మిగిలింది?

లోయలో కాలువలు తవ్వి సేద్యం చేసిన హొహొకమ్ ప్రజలు శతాబ్దాల క్రితమే ఈ కొండలోని ఒక గుహను పవిత్ర స్థలంగా వాడారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఇళ్ళు వాలు మీదికి ఎగబాకాయి. 1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓడి ఇంటికి వచ్చిన అరిజోనా నాయకుడు బ్యారీ గోల్డ్‌వాటర్ ఈ కొండను కాపాడే పనిని నెత్తిన వేసుకున్నారు. బడిపిల్లలు సహా ఊరి జనం విరాళాలు ఇచ్చారు, 1968లో కొండ పై భాగం ప్రజల ఆస్తి అయింది. అడ్డదారులు తొక్కకుండా దారిలోనే నడవమని చెప్పడం వెనుక ఈ కథ ఉంది.

దిగాక ఏమైనా జాగ్రత్త అవసరమా?

కారులో ఏసీ వేసుకోగానే అంతా అయిపోయిందనుకోవద్దు. ఒక సీసా చల్లని నీళ్ళు కారులో వేరుగా ఉంచుకుని, నెమ్మదిగా తాగండి. గంటలోపు ఉప్పు ఉన్న భోజనం చేయండి, పెరుగన్నం ఆవకాయ కంటే మంచిది మాకు తెలియదు. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు నొప్పి పెట్టడం సహజం. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా, ఆరేడు గంటలైనా రాకపోయినా, వాంతులు ఆగకపోయినా కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడుతూ ఉండవచ్చు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి, ఎన్ని గంటలు ఎండలో ఎక్కారో డాక్టరుకు చెప్పండి.